ఖాళీ కత్తెర చప్పుడు

"హెయిర్ అండ్ స్కిన్ కేర్‌లో రెండు సీట్లున్నాయి. తీసుకుంటావా, పక్కకి జరుగుతావా?"

2003లో పదో తరగతి పాసయ్యాక విశాఖపట్నంలో ఆడపిల్లల ఐటీఐలో సీట్లిచ్చే రోజు. వరండాలో బల్లేసుకుని కూర్చున్న గుమస్తా తల ఎత్తకుండానే అడిగాడు. నేను కోరుకున్నది కంప్యూటర్ ట్రేడు. అది కాకపోతే స్టెనోగ్రఫీ. నాకంటే ఎక్కువ మార్కులొచ్చినవాళ్ళు రెంటినీ నింపేశారు. కుట్టుపని మిగిలింది గానీ సూదిలో దారం ఎక్కించడమంటేనే నాకు విసుగు.

నాన్న నా పక్కనే ఉన్నాడు. మంగళవారం గనక రాగలిగాడు. మా ఇళ్ళల్లో సెలవంటే ఆదివారం కాదు, మంగళవారం. ఆ రోజు ఎవరూ తలమీద కత్తెర పెట్టించుకోరు.

"అంటే ఏటి బాబూ అది?" అన్నాడు గుమస్తాతో.

"జుట్టు కత్తిరించడం, మొహాలకి క్రీములు రాయడం. ఏడాది కోర్సు. సెంట్రల్ గవర్నమెంటు సర్టిఫికెట్టు ఇస్తారు."

నవ్వాలో వద్దో తెలియని మొహం పెట్టాడు నాన్న. నా చెవి దగ్గరికొంగి, "దానికి కాలేజీ ఏటే?" అన్నాడు.

మేం నాయీ బ్రాహ్మణులం. అది కాగితాల మీద మాట. ఊళ్ళో పిలిచే మాట వేరే ఉంది. ఆ పిలుపులు వాడొద్దని ప్రభుత్వం జీవో ఇవ్వడానికి 2022 దాకా పట్టింది. చోడవరం దగ్గర మా ఊళ్ళో తాత రోజుల్లో డబ్బుల్లేవు. పంట ఇంటికొచ్చాక ఇంటికిన్ని కుంచాల ధాన్యం కొలిచేవారు, ఏడాది పొడుగునా ఆ ఇంటి మగాళ్ళ తలలూ గడ్డాలూ మా బాధ్యత. తాత కత్తులూ కత్తెరలూ పెట్టుకునే పొది చంకన పెట్టుకుని వాళ్ళ పెరటి గుమ్మం దగ్గరికెళ్ళేవాడు. వీధి గుమ్మంలోంచి వెళ్ళిన గుర్తు ఆయనకి లేదు. పనయ్యాక ఆ ఇంటాయన నూతి దగ్గర తలస్నానం చేసిగానీ గడప తొక్కేవాడు కాదు. నాన్న కాలానికి బస్టాండు దగ్గర రేకుల షాపూ, రెండు కుర్చీలూ, ఎదురెదురుగా రెండు అద్దాలూ వచ్చాయి. స్నానం మాత్రం అలాగే ఉండిపోయింది.

మా ఇళ్ళల్లో ఆడాళ్ళు కత్తెర పట్టరు. మా నాయనమ్మ మంత్రసాని. ఊళ్ళో సగం మందికి బొడ్డు కోసింది తనేనని చెప్పుకునేది. అమ్మ ఆ పనికీ పోలేదు. కానీ ఆదివారాలు షాపులో మనుషులు కిటకిటలాడేవారు, అన్నయ్య ఎక్కడికో జారుకునేవాడు. ఏడుస్తున్న పిల్లల తల గట్టిగా పట్టుకునే పని నాకు పడింది. తరవాత దువ్వెనలు కడగడం, కత్తి తోలుపట్టీ మీద రుద్దడం, పటిక ముక్క అందించడం. ఎనిమిదో తరగతిలో ఒక రోజు నాన్న భోజనానికెళ్ళినప్పుడు మా చిన్నాన్న కొడుక్కి క్రాఫు నేనే చేసేశాను. నాన్న వచ్చి చూసి, వాడి తలని అటు తిప్పి ఇటు తిప్పి, చెవి వెనక రెండు వెంట్రుకలు తీసి వదిలేశాడు. తిట్టలేదు. మెచ్చుకోలేదు.

కాబట్టి కాలేజీలో చేరిన రోజుకే నాకు పని కొంచెం వచ్చు. నా గొడవంతా అక్కడే మొదలైంది.

కంచరపాలెంలో పిన్ని వాళ్ళింట్లో ఉండేదాన్ని. బాబాయిది రైల్వే ఉద్యోగం. క్లాసులో మేం పదహారు మందిమి. గాజువాక నుంచి ఒకమ్మాయి, పెందుర్తి నుంచి ఇద్దరు, భర్త వదిలేసి వెళ్ళిన ఒకావిడ, పెళ్ళి కుదిరేదాకా ఖాళీగా ఉండకూడదని చేర్పించిన నలుగురైదుగురు. మొదటి వారమే అందరూ అందరి ఇళ్ళ సంగతులూ అడిగేశారు. "మీ నాన్నగారేం చేస్తారు?" అంటే "ఊళ్ళో షాపుంది" అన్నాను. "ఏం షాపు?" అంటే "చిన్న షాపే". అబద్ధం ఒక్క ముక్క లేదు చూడండి. కులమేదంటే బీసీ-ఏ అనేదాన్ని. ఆ గొడుగు కింద జాలర్లూ ఉన్నారు, రజకులూ ఉన్నారు, ఎవరైనా కావచ్చు.

అక్కడ చేరిన పిల్లలందరూ నేర్చుకోడానికొచ్చింది మా తాత చేసిన పనే. వాళ్ళకది 'ట్రేడు'. మెళ్ళో తెల్ల ఏప్రన్ వేసుకుని బస్సులో దర్జాగా కూర్చునేవారు. నేను చేస్తే మాత్రం అది కులవృత్తి అయిపోతుందని నా భయం. పదహారేళ్ళ బుర్ర, అంతకంటే ముందుకి పోలేదు.

అందుకని రానట్టు నటించాను. కత్తెర పట్టుకోవడం మొదటి పాఠం. బొటనవేలు ఒక కన్నంలో, ఉంగరం వేలు రెండో కన్నంలో, చిటికెన వేలు బయటికున్న తోక మీద. కింది అలుగు కదలకూడదు, బొటనవేలున్న అలుగే కదలాలి. గాలిలో రోజుకి వందసార్లు ఆడించమన్నారు. అందరూ బట్టలు కత్తిరించినట్టు చూపుడువేలు దూర్చేస్తుంటే నేనూ అలాగే దూర్చాను. మేడమొచ్చి నా వేళ్ళు సరిచేసి పోయేవారు. ఆవిడ వెళ్ళగానే మళ్ళీ తప్పుగా పట్టుకునేదాన్ని. సరిగ్గా చెయ్యడం కంటే తెలిసి తప్పు చెయ్యడం చాలా కష్టమని అప్పుడు తెలిసింది. చెయ్యి దానంతటది సరైన చోటికి పోతుంది.

త్రెడింగ్‌లో మాత్రం నటించాల్సిన పని లేకపోయింది. అది మా నాన్నకీ రాదు. దారం ఒక కొస పళ్ళ మధ్య బిగించి, మిగతాది వేళ్ళకి మెలేసి, ముందు మా పిక్కల మీద వెంట్రుకలతో సాధన. రెండు వారాలు అందరి పెదాల మూలలూ కోసుకుపోయి ఉన్నాయి. మధ్యాహ్నం ఆవకాయ కలుపుకుంటే ఒకళ్ళ మొహాలు ఒకళ్ళు చూసుకుని ఏడుస్తూ నవ్వేవాళ్ళం.

ఇంక డమ్మీల కథ చెప్పాలి. పదహారు మందికి నాలుగు తలకాయలు. బల్ల అంచుకి బిగించిన ఇనప స్టాండు మీద, మెడ దాకానే ఉన్న నాలుగు తెల్లమొహాల దొరసానులు. వాటికి మేం పేర్లు పెట్టుకున్నాం, ఆ పేర్లిక్కడ రాయను, వాటిలో ఒకటి మా కాలేజీ ఆఫీసులో పనిచేసే ఆవిడది. డమ్మీకి మళ్ళీ జుట్టు మొలవదు. ఆ ఒక్క సంగతి మీదే మా సిలబస్ అంతా నడిచింది. ముందు స్ట్రెయిట్ కట్, జుట్టుని ఎత్తకుండా, కిందికి దువ్వి, జీరో డిగ్రీలో. ఒక అంగుళం పోయింది. తరవాత యు కట్, వి కట్, ఇంకో రెండంగుళాలు. నలభై అయిదు డిగ్రీలు ఎత్తి గ్రాడ్యుయేషన్ అనే కట్, తొంభై డిగ్రీలు ఎత్తి లేయర్స్, స్టెప్స్. ఒకళ్ళు పాడుచేసింది ఇంకొకళ్ళు సరిచేద్దామని ఇంకాస్త కత్తిరించడం. సంక్రాంతి సెలవులకి వెళ్ళేనాటికి దొరసానుల జుట్టు చెవుల దాకా వచ్చింది. తిరిగొచ్చాక బాయ్ కట్. మార్చికి రెండు డమ్మీలు సింహాచలంలో మొక్కు తీర్చుకున్నట్టు తయారయ్యాయి. కొత్తవి కావాలని మేడం కాగితం పెట్టారు. మేం ఉన్నంతకాలం ఆ కాగితానికి జవాబు రాలేదు.

బాయ్ కట్ దగ్గరే నేను దొరికిపోయాను.

దువ్వెన కింద నుంచి పైకి పోతుంటే దాని మీద కత్తెర ఆడాలి. నాన్న పని అదే కదా రోజంతా. నా డమ్మీ ముందు నిలబడి నేనేదో ఆలోచనలో పడ్డాను, నటించడం మర్చిపోయాను. నాన్నకో అలవాటుంది. ఒక వేటుకీ ఇంకో వేటుకీ మధ్య, దువ్వెన పైకి జరిగేటప్పుడు, కత్తెర ఊరికే గాలిలో టికటికమంటూ ఆడుతూనే ఉంటుంది. తెగేదేమీ ఉండదు. తాతకీ ఉండేదట. చెయ్యి తాళం తప్పకుండా అనేవాడు, మా చిన్నాన్న డోలు వాయించేవాడు గనక మా ఇంట్లో అన్నిటికీ తాళం లెక్కే.

క్లాసంతా నిశ్శబ్దమైపోయిందని కాసేపటికి గానీ గమనించలేదు. వెనక మేడం.

"ఖాళీ కత్తెర ఎందుకాడిస్తున్నావు?"

చెయ్యి ఆగిపోయింది.

"ఇది నేను నేర్పలేదే. ఇంట్లో ఎవరు చేస్తారు?"

పదిహేను జతల కళ్ళు. "మా నాన్నగారండీ" అన్నాను.

ఆవిడ ఏమీ అనలేదు. నా చేతిలో కత్తెర తీసుకుని తను ఆడించి చూసింది. రాలేదు. మళ్ళీ నాకిచ్చేసి, "మెల్లిగా చూపించు" అంది. అంతే. ఆ రోజు నుంచి అందరికీ తెలిసిపోయింది. మధ్యాహ్నాలు నా డబ్బాలో చేపల పులుసు తినే ఒకమ్మాయి పది రోజులు కడుపు బాగోలేదంది. వాళ్ళది ఊళ్ళో పెద్దిల్లు. పదకొండో రోజున బాయ్ కట్ పరీక్ష ఉందని వచ్చి నా పక్కన నిలబడింది. నేర్పించాను. ఇప్పుడు చెప్పుకుంటే నా మంచితనంలా ఉంటుంది గానీ, నిజానికి ఆ పది రోజులూ నేనూ ఆమె వంక చూడలేదు, నేర్పేటప్పుడు రెండుసార్లు వేళ్ళ మీద దువ్వెనతో కొట్టాను.

థియరీ నాకు గండం. మాది తెలుగు మీడియం, పుస్తకమంతా ఇంగ్లీషు. క్యూటికల్, కార్టెక్స్, మెడుల్లా అని వెంట్రుక అడ్డుకోత బొమ్మ గీసి మూడు పొరలు గుర్తించాలి. జుట్టు పెరిగే దశ అనాజెన్, ఆగే దశ కెటాజెన్, రాలే దశ టెలోజెన్. పిన్నింట్లో గట్టిగా చదువుతుంటే మంగళవారం నన్ను చూడ్డానికొచ్చిన నాన్న మంచం మీద పడుకుని వినేవాడు.

"జుట్టు నెలకి సుమారు అర అంగుళం పెరుగును."

"మరందుకే కదే నెలకోసారొస్తారు" అన్నాడు కళ్ళు మూసుకునే.

"రోజుకి యాభై నుంచి వంద వెంట్రుకలు రాలుట సహజము."

"ఆ ముక్క మీ అమ్మకి సెప్పు. దువ్వెనలో నాలుగు ఎంట్రుకలు కనపడితే ఏడుపు."

సుడి గురించి ఒక పేరా ఉంది. నడినెత్తిన జుట్టు ఎటు తిరిగితే అటు చూసుకుని కత్తిరించమని. అది చదవగానే లేచి కూర్చున్నాడు. "అదీ రాశారా?" అన్నాడు. తను ఎవరికీ చెప్పకుండా దాచుకున్న గుట్టు ఎవరో అచ్చేసేశారన్నట్టు. "రెండు సుడులుంటే రెండు పెళ్ళిళ్ళని రాశారేటి?" లేదన్నాను. "మరింకేటి పుస్తకం" అని మళ్ళీ పడుకున్నాడు.

కాలేజీ నుంచి నేను ఆయనకిచ్చింది ఒకటే, శుభ్రం. ఎయిడ్స్ గురించి ఎక్కడ చూసినా పోస్టర్లుండే రోజులు. ప్రతి తలకీ కొత్త బ్లేడు, మనిషి మనిషికీ మధ్య దువ్వెనా కత్తెరా డెట్టాల్ నీళ్ళలో. నాన్న బ్లేడు మార్చే కత్తికి అప్పటికే మారాడు గానీ సగం బ్లేడు ఇద్దరికి సరిపెట్టేవాడు. నేను నోట్సు చదివి వినిపించాక మానేశాడు. తాత మంగలికత్తిని మాత్రం నూనె రాసి గుడ్డలో చుట్టి పొదిలో పెట్టాడు. ఇప్పటికీ ఉంది.

ఏప్రిల్‌లో పర్మింగ్, అంటే మందు రాసి జుట్టుని రింగులు తిప్పడం. కుళ్ళిన కోడిగుడ్డు వాసన, కిటికీలన్నీ తెరిచినా పోదు. అందులో జరిగేదేంటంటే, వెంట్రుకలో కెరటిన్ అనే ప్రోటీన్ పోగుల మధ్య గంధకం ముళ్ళుంటాయి, లోషన్ వాటిని విప్పుతుంది. అప్పుడు జుట్టు మెత్తబడి, చుట్టిన రాడ్డు ఆకారానికొస్తుంది. తరవాత న్యూట్రలైజర్ ఆ ముళ్ళని మళ్ళీ వేస్తుంది. మా అనకాపల్లి వైపు వాళ్ళకి చెప్పాలంటే బెల్లం పాకం అచ్చులో పోసి ఆరబెట్టడమే. పాకం ముదిరితే ఏమవుతుందో కూడా మావైపు వాళ్ళకి వేరే చెప్పక్కర్లేదు. ఎవరూ తల ఇవ్వకపోతే నేనిచ్చాను. నడుం దాటిన జడ. కొసల వరకే చేద్దామనుకున్నారు. లోషన్ రాశాక మేడంకి ఆఫీసు నుంచి పిలుపొచ్చింది, గడియారం చూసే పని అప్పగించిన అమ్మాయి ఇంకెవరితోనో మాటల్లో పడింది. విప్పేసరికి కొసలు కొబ్బరిపీచు.

మంగళవారం నాన్నొచ్చి చూశాడు. పిన్ని లబలబలాడుతోంది, ఆడపిల్ల జుట్టు, రేపు పెళ్ళిచూపులకి ఎవడొస్తాడని. నాన్న సంచిలోంచి కత్తెర తీశాడు. సెలవు రోజైనా అది ఆయన సంచిలోనే ఉంటుందని నాకు అప్పటిదాకా తెలీదు. పెరట్లో పీట వేసి కూర్చోబెట్టి, నాలుగు వేళ్ళ మందాన మాడిన కొసలన్నీ తీసేశాడు. మంగళవారం పూట, ఆడపిల్ల తల. ఆయన రెండు నియమాలు ఒకేసారి పోయాయి. నేను ఏడుస్తూనే "ఇది జీరో డిగ్రీ నానా" అన్నాను. "తిన్నగా కూకో" అన్నాడు. అంతా అయ్యాక కత్తెర దులిపి, "తలకి పోసుకుని లోపలికెళ్ళు" అన్నాడు.

ఎన్నో వేల తలలకి చెప్పిన మాట. నాకూ చెప్పాడు. నేను నీళ్ళు పోసుకున్నాను.

జూలైలో ట్రేడ్ టెస్ట్. బయటి నుంచి ఎగ్జామినరొస్తారు, ఎవరి మోడల్‌ని వాళ్ళే తెచ్చుకోవాలి. బతికున్న తల దొరకడం ఎంత కష్టమో! అక్కచెల్లెళ్ళని బతిమాలినవాళ్ళు, పక్కింటి పిల్లలకి చాక్లెట్లు కొనిచ్చినవాళ్ళు ఉన్నారు. నా పర్మింగ్ సంగతి కాలనీ అంతా తెలుసు గనక నాకు ఎవరూ రాలేదు. చివరికి మా కాలేజీ ఊడ్చే ఆయమ్మ కూర్చుంది. సగం నెరిసిన జుట్టు, విప్పితే నడుం దాకా వచ్చింది. "మూడు వేళ్ళు తియ్యి, నాలుగో ఏలు కదిపితే ఊరుకోను" అంది. యు కట్ చేశాను. ఎగ్జామినర్ దువ్వెన పెట్టి కొలుస్తుంటే ఆయమ్మ ఆవిడ వంక కూడా చూడకుండా వంగి, కింద పడ్డ జుట్టంతా ఏరి కాగితంలో పొట్లం కట్టుకుంది. వీధిలో జుట్టు తీసుకుని స్టీలు సామాన్లిచ్చేవాడు వస్తాడు కదా, అతనికి. వారం తరవాత కనపడి, చిన్న గిన్నె వచ్చిందని చెప్పింది. ఆ పరీక్షలో నాకు ఎన్ని మార్కులొచ్చాయో మర్చిపోయాను గానీ ఆ గిన్నె గుర్తుంది.

మిగతాదంతా తొందరగా చెప్పేయొచ్చు. జగదాంబ దగ్గర ఒక పార్లర్లో మూడేళ్ళు పనిచేశాను, జీతం గురించి మాట్లాడకపోవడమే మంచిది. పెళ్ళి. సర్టిఫికెట్టు చూపించి బ్యాంకు లోను. 2009లో అనకాపల్లిలో రెండు కుర్చీల పార్లర్. నేను చదివిన ట్రేడుని ఇప్పుడు కాస్మటాలజీ అంటున్నారు. మా ఊళ్ళో మా తాతని పెరటి గుమ్మం దాటి రానివ్వని ఇంటి మనవరాలు నా దగ్గర జుట్టు కత్తిరించుకుని, అద్దం ముందు నిలబడి ఫోటో తీసుకుని, అలాగే పెళ్ళికెళ్ళిపోయింది. స్నానం ఊసే లేదు.

నాన్న మాత్రం నా పార్లర్ లోపలికి ఎప్పుడూ రాలేదు. గుమ్మానికి 'ఫర్ లేడీస్ ఓన్లీ' అని బోర్డు నేనే రాయించాను, ఆయన దాన్ని మనసులో పెట్టుకున్నాడు. మధ్యాహ్నం ఖాళీగా ఉంటుంది, ఎవరూ లేరు, రా అంటే రాడు. మంగళవారాలు అమ్మ వండినదేదో క్యారేజీలో పట్టుకొచ్చి, మెట్ల మీద కూర్చుని, పరదా ఇవతల నుంచి అందించేవాడు. లోపల పనిలో ఉంటే వచ్చేదాకా కూర్చునేవాడు. వీధి వైపు చూస్తున్నట్టే ఉండేవాడు.

ఒక మంగళవారం నేను లేయర్ కట్ ముగించి బయటికొచ్చేసరికి క్యారేజీ ఇవ్వకుండా చెయ్యి చాచాడు.

"ఏంటి నానా?"

"కత్తెర తే. మొద్దుబారింది."

"చూడకుండానే?"

"గంట నుంచీ ఇంటన్నాను. ఖాళీగా ఆడినప్పుడు బానే పలుకుతంది. జుట్టు మీద పడ్డప్పుడు నములుతంది."

లోపలికెళ్ళి తెచ్చిచ్చాను. ఒక అలుగు మీద బొటనవేలు గోరు జరిపి చూసుకుని, జేబురుమాల్లో చుట్టి సంచిలో పెట్టుకున్నాడు. వచ్చే మంగళవారం తెస్తానన్నాడు. ఆ వారమంతా రెండో కత్తెరతో చేశాను, అది ఎన్నడూ నా చేతికి కుదరలేదు.